కోసిన మాట

ఆ ఎండకాలం నేను అనని మాటను జిల్లా అంతా నా గొంతుతోనే విన్నది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. మండనీ, చల్లారాలని నాకేం తొందర లేదు.

మాది వరంగల్ కాశిబుగ్గ. నేనూ మా ఆయన బాలరాజూ జంపఖానాలు నేస్తాం. పెద్ద జంపఖానా ఒక్కరితో అయ్యే పని కాదు. మగ్గం ముందు ఒకే బల్ల మీద ఇద్దరు కూర్చోవాలి, ఆయన కుడివైపు, నేను ఎడమవైపు. ఆయన నూలు కండె పెట్టిన నాడె విసిరితే నేను అందుకోవాలి, నేను విసిరితే ఆయన అందుకోవాలి. పడిన పోగును ఇద్దరం ఒకే ఊపులో కొట్టి బిగించాలి. ఒకరు గట్టిగా ఒకరు మెల్లగా కొడితే నేత వంకర పోతుంది.

పొద్దంతా అట్లా పక్కపక్కన కూర్చుని ఏం చేస్తాం? నేను మాట్లాడతాను, ఆయన వింటాడు. నేను చూసిన సినిమాలన్నీ ఆయనకు మగ్గం మీదే చెప్పాను. చెప్పడమంటే ఊరికే చెప్పడం కాదు. హీరో మాట హీరోలాగా, అత్త మాట అత్తలాగా, వెనక సీట్లో ఈలేసినవాడి మాట వాడిలాగా చెబుతాను. ఎవరి ముచ్చట చెప్పినా వాళ్ల గొంతుతోనే చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఎక్కడ నా గొంతు ఆగి ఎక్కడ ఇంకొకరి గొంతు మొదలవుతుందో బాలరాజుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మహిపాల్ అని ఒకడున్నాడు. మొదట్లో ఖిలా వరంగల్ తోరణాల కింద పెళ్లి జంటలను నిలబెట్టి వీడియోలు తీసేవాడు. తర్వాత ఫోన్‌లో ఛానల్ పెట్టి, శుక్రవారం శుక్రవారం సినిమా హాలు ముందు మైకు పట్టుకుని, బయటికొచ్చే జనాన్ని సినిమా ఎట్లుందని అడగడం మొదలుపెట్టాడు. మార్చి చివర్లో ఒక మొగుడూపెళ్లాల సినిమా వచ్చింది. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, సినిమా అంతా అదే బాధ. బయటికి రాగానే మహిపాల్ నా మూతి ముందు మైకు పెట్టాడు. నేను ఊరుకుంటానా?

"ఆ ఇద్దర్ని తెచ్చి నా మగ్గం మీద కూసోబెట్టుండ్రి," అన్నాను. "పొద్దుగూకెటాళ్లకు మాట్లాడుకోకపోతె నన్నడుగుండ్రి."

అంతే, ఆ ముక్క ఊరూవాడా తిరిగింది. నేను జంపఖానా అక్కనైపోయాను. కూరగాయల బండి దగ్గర కూడా సినిమా ఎట్లుందక్కా అని అడిగేవాళ్లు. మహిపాల్ ప్రతి శుక్రవారం రమ్మన్నాడు, మా ఆయనను కూడా కలుపుకున్నాడు. బాలరాజుకు మోకాళ్ల నొప్పులు, మగ్గం గుంటలో కాళ్లు చాపలేక అవస్థ పడేవాడు. అలాంటి మనిషి ఫోన్ పట్టుకుని వీడియో తీయడం, సాయంత్రం మహిపాల్ షాపులో ఏసీ కింద కూర్చుని ఆ వీడియోలను కోసి అతికించడం నేర్చుకున్నాడు. జనం సార్ అని పిలుస్తుంటే కొత్త చొక్కాలు కొనుక్కున్నాడు. పాపం, సంతోషంగా ఉన్నాడులే అనుకున్నాను.

ఇక్కడే మా దీప్తి సంగతి చెప్పాలి. దీప్తి మా అక్క కూతురు. అక్క పోయింది, బావ బతుకుదెరువుకు సూరత్ పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. పిల్లను సాకింది, చదివించింది, నర్సంపేటలో ఎరువుల దుకాణం ఉన్న ఉదయ్‌కి ఇచ్చి పెళ్లి చేసింది మేమే. ఉగాది ముందు ఆ ఉదయ్ దీప్తి మీద చెయ్యి చేసుకున్నాడు. నేను బస్సెక్కి పోయి, వాడి దుకాణంలో రైతుల ముందే నిలబడి, ఇంకోసారి చెయ్యి లేస్తే పోలీస్ స్టేషన్లో కలుద్దామని చెప్పి వచ్చాను. ఆ తర్వాత వాడు గమ్మునున్నాడు. నా నోటికి భయపడ్డాడు, అంతకు మించి వాడిలో వచ్చిన మార్పేమీ లేదు.

మే నెలలో ఒక దొంగల సినిమా వచ్చింది. మొగుడూపెళ్లాలు కలిసి దొంగతనాలు చేస్తుంటారు. ఆమె పనిమనిషిగా ఇళ్లలో చేరి తలుపు గడియ తీస్తుంది, వాడు వచ్చి ఊడ్చుకుపోతాడు. సగం సినిమా అయ్యాక ఆమె ఇక చాలు, మానేద్దాం అంటుంది. వాడు చెంప మీద ఫెడీమని ఒకటి ఇస్తాడు. హాలంతా ఈలలు. ఆ దెబ్బతో ఆమెకు బుద్ధి వచ్చినట్టు, మొగుడి మీద ప్రేమ పెరిగినట్టు ఒక పాట. చివరికి పట్టుబడితే, అంతా నేనే చేశానని ఆమె కోర్టులో చెప్పి జైలుకు పోతుంది. వాడు బయట నిలబడి ఒక కన్నీటి చుక్క రాలుస్తాడు. నా పక్కన కూర్చున్న ఆడవాళ్లు కూడా ముక్కులు చీదుతున్నారు. నాకు మాత్రం కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

బయట మైకు పెట్టగానే నిప్పులు కక్కాను. నేను అన్నది అన్నట్టుగా ఇక్కడ రాస్తాను.

"ఆమె వద్దంటాంది, ఆడు కొడ్తాండు, గా దెబ్బకు హాలంత ఈలలు. నా ఎనక సీట్ల ఒకడు ఏమంటాండో తెల్సా? కొట్టాలె, పెండ్లాన్ని అప్పుడప్పుడు ఒకటి తగిలియ్యాలె, గప్పుడే సంసారం నిలవడ్తది, సూపర్ సినిమా. గిసుంటోళ్ల కోసమే తీసిండ్రు దీన్ని. దొంగతనంల సగం పాలు ఆనిదైతె, జైలు మొత్తం ఆమెదెట్లయితది? మొగడు తప్పు చేస్తె పెండ్లాం మోసుడే ప్రేమ అని చెప్పెటోనికి నా చెప్పు."

వెనక సీటు వాడి మాటలు వాడి గొంతుతోనే, మీసం దువ్వుకుంటూ చెప్పాను. చుట్టూ ఉన్న జనం నవ్వారు, చివర్లో చప్పట్లు కూడా కొట్టారు. ఫోన్ పట్టుకున్నది బాలరాజే.

సాయంత్రం వీడియో వచ్చింది. అందులో నేను మీసం దువ్వుకుంటూ, కొట్టాలె, పెండ్లాన్ని అప్పుడప్పుడు ఒకటి తగిలియ్యాలె, గప్పుడే సంసారం నిలవడ్తది, సూపర్ సినిమా, అన్నాను. ముందు లేదు, వెనక లేదు. వెనకాల జనం నవ్వులు, చప్పట్లు. పైన పెద్ద అక్షరాలతో, భార్యలకు జంపఖానా అక్క సలహా అని రాశారు.

నమ్మలేక ఇంకోసారి పెట్టి చూశాను. మహిపాల్‌కు ఫోన్ చేసి తిడితే వాడు ఇకిలించాడు. ఇది కామెడీ అక్కా, జనానికి తెలుస్తదిలే అన్నాడు. తీసేయమంటే, అప్పటికే నర్సంపేట నుంచి కరీంనగర్ దాకా తిరుగుతోందని మురిసిపోయాడు. ఆ సినిమా కొన్నవాళ్లు మంచిగా చెప్పించమన్నారట, మంచిగా చెప్పినవాళ్లు ఎవరూ దొరకలేదట. అసలు వీడియో ఇవ్వమంటే, ఫోన్‌లో జాగా లేక ఎప్పుడో తుడిచేశామన్నాడు. ఎప్పుడో ఏంది, పొద్దున తీసిందే కదా?

వాడలో మగవాళ్లు నన్ను చూసి మీసం దువ్వడం మొదలుపెట్టారు. కిరాణా కొట్టులో ఒకడు, అక్కా నువ్వు చెప్పినట్టే చేస్తున్న అన్నాడు. వాడి పెళ్లాం పక్కనే తల వంచుకుని నిలబడింది. నేను ఎంతమందికని చెప్పగలను? ఇంటికొచ్చి అడిగినవాళ్లకు చెప్పినా, వీడియో చూసినవాళ్లలో నూటికొక్కరు కూడా నా ఇంటికి రారు.

ఆ వారం గడవకముందే దీప్తి వచ్చింది. మిట్టమధ్యాహ్నం, రోహిణి కార్తె ఎండలో, బస్సు దిగి నడిచి వచ్చింది. కొంగు తలమీదుగా చెంపకు కప్పుకుంది. కొంగు తీస్తే చెంప కమిలిపోయి, కన్ను సగం మూసుకుపోయింది. ఏమైందని అడిగే ధైర్యం నాకు రాలేదు, అదే చెప్పింది.

"ముందుగాల నీ వీడియో పెట్టిండు చిన్నమ్మా. మొత్తం సూడుమన్నడు. చూసినంక కొట్టిండు. మీ చిన్నమ్మనే చెప్పింది గదా, పో, పోయి ఆమెకే చెప్పుకో పో అన్నడు."

దాని ముఖం మీద మంచుగడ్డ పెట్టి, దాని చేతికి మజ్జిగ ఇచ్చి, నేను లోపలికి పోయి గోడకు తల ఆనించి నిలబడ్డాను. ఏడుపు కాదు. నా గొంతు తీసుకుపోయి నా పిల్లను కొట్టారు. అంత కోపం నాకు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ రాలేదు.

మర్నాడు పొద్దున మగ్గం ఎక్కాం. జంపఖానా సగం అయింది, అవతల ఇవ్వాల్సిన గడువు దగ్గర పడింది. నాడె అటూ ఇటూ పోతుంటే నేను మహిపాల్‌ను తిడుతూనే ఉన్నాను. వాని చెయ్యి పడిపోను, వాని షాపు తగలబడ అని, నోటికొచ్చినట్టు తిడుతూ, ఒక మాట దగ్గర ఆగాను. వాడికి నా మాట తీరు ఏం తెలుసు? నా గొంతు ఎక్కడ ఆగిందో, వెనక సీటు వాడి గొంతు ఎక్కడ మొదలైందో, సరిగ్గా ఆ పోగు మీదే కత్తెర పెట్టడం వాడికెట్లా చేతనైంది? ఆ మాటే పైకి అంటూ నాడె విసిరాను.

ఆయన అందుకోలేదు. నాడె కింద పడి దొర్లుకుంటూ గోడ దాకా పోయింది.

నేను ఆయన వైపు చూశాను. ఆయన మగ్గం మీది పడుగు పోగుల వైపు చూస్తూ, ఒక్క సినిమానే గదా అనుకున్న, అన్నాడు. మహిపాల్ తనను ఛానల్లో సగం పాలుకు తీసుకుంటానన్నాడట, షాపు బోర్డు మీద పేరు కూడా రాయిస్తానన్నాడట. మోకాళ్లు పోయాయి నవనీతా, ఎన్నాళ్లని ఈ గుంటలో కూర్చోను అన్నాడు. దీప్తికి ఇట్లా అవుతుందని కలగన్నానా అన్నాడు.

నేను బల్ల దిగాను. అప్పటి నుంచి మళ్లీ ఎక్కలేదు. ఆయన ఒక్కడే అటు జరిగి ఇటు జరిగి, లేచి కూర్చుని, సాయంత్రానికి జానెడు నేశాడు. అదీ ఒక పక్క బిగిసి ఒక పక్క వదులై, ఎవరికీ పనికిరాకుండా పోయింది. ఆ పూట నేనూ దీప్తీ తినేంత బియ్యమే కడిగాను.

ఉదయ్ తరఫువాళ్లు కుల పెద్దల దగ్గరికి పోయారు. ఆదివారం సంఘం భవనంలో కూర్చోబెట్టారు. సారయ్య మా కులానికి పెద్ద, నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు. ఉదయ్ తెల్ల చొక్కా వేసుకుని, మేనమామను వెంటబెట్టుకుని వచ్చాడు. కొట్టావా అంటే, కొట్టలేదని అనలేదు. ఫోన్ తీసి అందరికీ వినపడేటట్టు వీడియో పెట్టాడు. ఇంట్ల పెద్దమనిషే చెప్పినంక నాదేం తప్పు తాతా అన్నాడు. పెద్దల్లో ఇద్దరు కండువా అడ్డం పెట్టుకుని నవ్వారు.

నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. ముందు కోశారు, వెనక కోశారు, నడిమిట్ల ముక్కను నా మాట చేశారని చెప్పాను. కోసింది ఎవరో మాత్రం చెప్పలేదు. ఆయనే చెబుతాడని, ఆ మాత్రం మనిషై ఉంటాడని అనుకున్నాను. సారయ్య మా ఆయన వైపు తిరిగాడు.

"నువ్వే తీసినవ్ గదా బాలరాజూ. నీ భార్య ఆ మాట అన్నదా, లేదా?"

బాలరాజు లేచి నిలబడ్డాడు. దీప్తి ఆయన ముఖంలోకే చూస్తోంది. చిన్నప్పుడు బడికి ఆయన సైకిల్ మీదే పోయిన పిల్ల అది.

"వీడియోల ఉన్నదే గదా," అన్నాడు. "అన్నది."

దీప్తి లేచింది. ఎవరూ దాన్ని మాట్లాడమని అడగలేదు.

"చిన్నమ్మ అంటె ఏంది, అనకపోతె ఏంది తాతా? దెబ్బ తిన్నది నేను. మీరు గంట సేపటి సంది సినిమా గురించి మాట్లాడుతాండ్రు."

సారయ్య గొంతు సవరించుకున్నాడు. పిల్ల చెప్పింది కూడా నిజమే అంటూనే, ఇంటివాళ్లే అట్లా మాట్లాడినప్పుడు అబ్బాయిని ఒక్కడినే తప్పు పట్టలేమన్నాడు. ఇక చెయ్యి చేసుకోనని ఉదయ్ అందరి ముందూ చెప్పాలి, వచ్చే ఆదివారం దీప్తి నర్సంపేట పోవాలి, పోకపోతే తప్పు ఆడపిల్ల తరఫుదే అవుతుంది. అదీ తీర్పు. ఉదయ్ వెంటనే చెయ్యి చేసుకోనని చెప్పాడు. చెబుతూ నా వైపు చూసి మీసం మీద వేలు పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక బాలరాజు నా వెనకే తిరిగాడు. అక్కడ ఒప్పుకుంటే ఛానల్ పోతుంది, మహిపాల్ నన్ను బతకనివ్వడు, కొంచెం ఓపిక పట్టు, నాలుగు రోజులైతే అందరూ మర్చిపోతారు అన్నాడు. పుచ్చకాయ తెచ్చి కోసి పెట్టాడు. ఆ ముక్కలు ఎండిపోయేదాకా పళ్లెంలోనే ఉన్నాయి. దీప్తి మాత్రం తన గుడ్డల సంచి విప్పనూ లేదు, సర్దనూ లేదు. నేను నర్సంపేట పోను చిన్నమ్మా, కాని నా వల్ల నీకు కులంలో మాట రావొద్దు, హైదరాబాద్‌లో ఏదైనా హాస్టల్ చూసుకుంటా అంది. తన్నులు తిన్న పిల్ల ఇల్లు విడిచి పోవాలా? కొట్టినవాడు దుకాణంలో కాలు మీద కాలేసుకుని కూర్చోవాలా?

శుక్రవారం ఇంకో కొత్త సినిమా పడింది. పొద్దున ఆట వదిలే వేళకు దీప్తిని తీసుకుని హాలు దగ్గరికి పోయాను. మహిపాల్ ఒక్కడే కాదు, అక్కడ శుక్రవారం నాలుగైదు ఛానళ్లవాళ్లుంటారు, ఎవరి ఫోన్ వాళ్లది, ఎవరి మైకు వాళ్లది. నన్ను చూడగానే అందరూ ఎగబడ్డారు, జంపఖానా అక్క వచ్చిందిరా అని. మహిపాల్ ముఖం వెలిగిపోయింది. ఆ వీడియో తిరిగాక వాడు శుక్రవారాలు సినిమా హాలు ముందు నుంచి లైవ్ కూడా పెట్టడం మొదలుపెట్టాడు. ఆ లైవ్ ఫోన్ పట్టుకున్నది మా ఆయనే. దీప్తిని చూసి ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

నేను మొదలుపెట్టాను. కొత్త సినిమా గురించి కాదు, ఆ దొంగల సినిమా గురించి. ఆ రోజు అన్నది మొదటి నుంచి అన్నాను. ఆమె వద్దంటాంది, ఆడు కొడ్తాండు, గా దెబ్బకు హాలంత ఈలలు. వెనక సీటు వాడి గొంతు వచ్చే చోట మీసం దువ్వాను, ఆ గొంతు అయిపోయే చోట చెయ్యి కిందికి దించాను. నా చెప్పు దాకా చెప్పాను. జనం మొదట నవ్వారు, ఆ ముక్క గుర్తుపట్టినవాళ్లు మాత్రం నవ్వలేదు. ఒక ముసలామె పక్కనున్న కోడలితో, అగో, ఈమె అన్నది గది కాదే, అనడం వినపడింది.

మహిపాల్‌కు అప్పుడు తెలివి వచ్చింది. లైవ్ బంద్ చెయ్యమని బాలరాజుకు సైగ చేశాడు. చేస్తే చేయనీ, మిగతా ఫోన్లన్నీ నడుస్తూనే ఉన్నాయి. నేను మహిపాల్ చేతిలోని మైకు గుంజుకుని, రెండడుగులు వేసి, మా ఆయన మూతి ముందు పెట్టాను. ఇన్ని వారాలు ఆ మైకు నా ముందే ఉండింది, ఆయన నోటికి అది ఎన్నడూ తగల్లేదు.

"ఆ రోజు నేన్జెప్పింది గిదేనా?"

ఆయన కళ్లు మైకును దాటి దీప్తి మీదికి పోయాయి. కమిలిన మచ్చ అప్పటికి పచ్చగా మారింది, కాని పోలేదు.

"గిదే," అన్నాడు.

"మరి నడిమిట్ల ముక్క కోసింది ఎవలు?"

టికెట్ల కిటికీ దగ్గరి వరుస కూడా ఇటే తిరిగింది. ఆయన చేతిలో ఫోన్ నా వైపే ఉంది, లైవ్ బంద్ చేయలేదు. మరిచిపోయాడో, చేయాలనిపించలేదో నాకు తెలియదు, నేను అడగలేదు.

"నేనే."

మైకు మహిపాల్ చేతిలో పెట్టాను. ఒక ఛానల్ పిల్లగాడు అలవాటు కొద్దీ, అక్కా ఈ సినిమా ఎట్లుంది అన్నాడు. ఇంకా చూడలేదు అన్నాను. జనంలోంచి దారి చేసుకుని రోడ్డు మీదికి వచ్చాం.

పోచమ్మ మైదాన్ దాటకముందే దీప్తి ఫోన్ మోగింది. ఉదయ్. అది నడుస్తూనే ఎత్తింది. అవతల వాడు ఏమన్నాడో నాకు వినపడలేదు, మాట వేగం మాత్రం తెలుస్తోంది. లైవ్ చూసినట్టున్నాడు, మొన్న సంఘంలో ఉన్న నిమ్మళం ఆ గొంతులో లేదు. దీప్తి చివరిదాకా విన్నది.

"ఆదివారం నేను వస్తలేను," అంది. "సారయ్య తాతకు నేనే చెప్త. నువ్వు చెప్పేదేమన్న ఉంటె స్టేషన్ల చెప్పు." ఫోన్ సంచిలో వేసుకుంది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

కొంత దూరం పోయాక అది వెనక్కి తిరిగి చూసింది. చిన్నాయన వస్తాండు చిన్నమ్మా, అంది. నేను తిరగలేదు. తిరగకపోయినా ఆ నడక నాకు తెలుసు, ఎడమ మోకాలు వంగక కాలు ఈడ్చే చప్పుడు. ఎండ నెత్తి మీద మండిపోతోంది. పాపం చిన్నమ్మా, జర ఆగుదామా అంది దీప్తి.

"ఇల్లు ఆయనకు తెల్సు," అన్నాను. "నువ్వు నడువు."